రెండో సీసా

హైదరాబాద్‌లో గవర్నమెంట్ కెమిస్టు ఒకాయన మైక్రోస్కోపు మీదికి వాలి చచ్చిపోయి ఉన్నాడు. డాక్టరు వచ్చి హార్ట్ ఎటాక్ అన్నాడు. టేబుల్ మీద ఉండాల్సిన నీళ్ళ సీసా లేదన్న సంగతి డాక్టరుకి పట్టలేదు. బ్రాంచ్ నైన్ చీఫ్ హనుమయ్యకి అదొక్కటే పట్టింది.

"అంకారావ్, ఇది సిల్వర్ కోబ్రా పని," అన్నాడు చీఫ్.

ఏజెంట్ అంకారావు కాలుతున్న సిగరెట్టు ఆర్పేశాడు. ఆ విదేశీ ముఠా పేరు వింటే అతనికి పొగ రుచించదు.

"తిరువూరు దగ్గర వాగు ఒడ్డున వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. బోర్డు మీద ఎరువులని రాశారు. లోపల తయారయ్యేది వాళ్ళ దేశంలోనే నిషేధించిన విషం. ట్రయల్‌కే వాగులో చేపలు తేలాయి. జోజమ్మ అనే కూలీ మనిషి గేదెలు రెండు చచ్చాయి. ఆమె మున్సిఫ్ కోర్టుకెక్కింది. ప్లీడరు జ్ఞానమణి. వాగు నీళ్ళు రెండు సీసాల్లో పట్టి సీలు వేశారు. ఒకటి కెమిస్టుతోపాటు పోయింది."

"రెండోది?"

"ప్లీడరుగారింట్లో ఉంది. రేపు, ఏప్రిల్ ఇరవై తొమ్మిది, కోర్టుకి చివరి పనిదినం. తర్వాత వేసవి సెలవులు. సోమవారం ఫ్యాక్టరీ ఫుల్ ప్రొడక్షన్. జోజమ్మ పేటంతా తాగేది ఆ వాగు నీళ్ళే. రేపు ఆ సీసా జడ్జిగారి ముందుకి రాకపోతే జూన్‌లో కేసు నడపడానికి ఆ పేటలో మనుషులు మిగలరు."

అంకారావు లేచాడు.

"ఆగు. మన రహస్యాలు బయటికి పోతున్నాయి. ఎవర్నీ నమ్మకు. ఫ్యాక్టరీ మేనేజరుకి సెక్రటరీగా మన ఏజెంటే ఉంది, ప్రేమకుమారి. నీకోసం కారు తెస్తుంది. కోడ్, 'టెంక ముదిరిందా?' జవాబు, 'ముదరకపోతే కత్తికేం పని?'"

"ఆమెని నమ్మొచ్చా సార్?"

"ఫైలు చాలా శుభ్రంగా ఉంది," అన్నాడు చీఫ్. "అదే నాకు నచ్చలేదు."

*

నల్లద్దాలు, సూటు వేసుకుని తిరువూరు బస్టాండులో దిగితే ఏ ఊరు, ఎవరింటికి, ఏం పని అని అడిగి అడిగి పది నిమిషాల్లో చంపేస్తారు. అదే లుంగీ కట్టి, తలకి తువ్వాలు చుట్టి, ఆవకాయ కాయలు కొట్టే కత్తి చంకలో పెట్టుకొస్తే ఎవరూ ఏమీ అడగరు. మా ఇంటికెప్పుడొస్తావనే అడుగుతారు. అంకారావు అలాగే జ్ఞానమణి ఇంటికి వచ్చాడు. కత్తి పిడిలో వైర్‌లెస్ ఉంది. కింది చెక్క దిమ్మ లోపల బోలు. రాగానే సీసా అందులోకి వెళ్ళిపోయింది.

"మన కేసు లిస్టులో చివర్న ఉంది. వేషం ఎలాగూ వేశారు కదండీ, పని కూడా కానివ్వండి," అంది జ్ఞానమణి, నల్ల కోటు తీసి కుర్చీకి తగిలిస్తూ. వసారాలో రెండు వందల కాయలు కుప్పగా పోసి ఉన్నాయి. ట్రైనింగులో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. అంకారావు పళ్ళు బిగబట్టి కొట్టడం మొదలుపెట్టాడు.

జోజమ్మ ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. గుమాస్తా లాజరు పొద్దుటినుంచి మూడుసార్లు సైకిలెక్కి మాయమయ్యాడు. ఎక్కడికయ్యా అంటే, "ఇక్కడికేనండి," అని తల గోక్కున్నాడు. వీడే అనుకున్నాడు అంకారావు. నూటికి తొంభై పాళ్ళు వీడే.

ఫియట్ కారు ఆగింది. లేత నీలం చీర, భుజాల మీదికి కత్తిరించిన జుట్టు, చేతిలో హ్యాండ్‌బ్యాగు. దిగిన మనిషి అందం చూసి అంకారావు కత్తి వేలిమీద పడబోయి తప్పింది.

"టెంక ముదిరిందా?" అందామె.

"ముదరకపోతే కత్తికేం పని?"

ప్రేమకుమారి నవ్వింది. లోపలికి వెళ్ళి హాల్లో కాసేపు ఒంటరిగా కూర్చుని, మళ్ళీ వసారాలోకొచ్చింది. "కోర్టు దారిలో కంపెనీ మనుషులున్నారు. సీసా నాకిస్తే కార్లో చేరుస్తాను. తొందరేం లేదు, ఇంకా పదింపావే అయింది." హాల్లో గోడ గడియారం అదే చూపిస్తోంది.

జోజమ్మ వైపు తిరిగి తియ్యగా అంది. "కంపెనీ మీ పేటకి ఊరికే కరెంటిస్తానంటోంది కదా. ఎందుకొచ్చిన గొడవ?"

"వీధికో బల్బు వేస్తారంటండి," అంది జోజమ్మ. "ఆ వెలుతుర్లో చచ్చిన గేదెల్ని చూసుకోవాలాండి?"

"సరే, సరే. కోపం వద్దు. నేనూ ఓ చెయ్యి వేస్తాను. మాది రెడ్డిగూడెమే, మామిడితోటల్లోనే పెరిగాను." ప్రేమకుమారి కుళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది. నీళ్ళు కారుతున్న చెయ్యి అలాగే జాడీలోకి పోనిచ్చి కలపబోయింది.

"ఓరి మరియమ్మ తల్లో! తడి చెయ్యి!" జోజమ్మ గావుకేక పెట్టింది. "జాడీ జాడీ బూజు పట్టిపోద్ది కదమ్మా!"

ప్రేమకుమారికి ఏం తప్పు చేసిందో అర్థం కాలేదు. ఆ అర్థం కాకపోవడమే అంకారావు చూశాడు. మామిడితోటల్లో పెరిగిన పిల్ల ఐదేళ్ళప్పుడే ఈ విషయంలో వీపు మీద ఒకటి తిని ఉంటుంది. ఫైలు ఎందుకంత శుభ్రంగా ఉందో ఇప్పుడు తెలిసింది. అది మొత్తం కూర్చి రాసిందే.

"మీదే ఊరన్నారు మేడమ్?"

నవ్వు మాయమైంది. హ్యాండ్‌బ్యాగులోంచి లిప్‌స్టిక్కంత పిస్టలు బయటికొచ్చి జ్ఞానమణి గుండె మీదికి తిరిగింది. "సీసా. మూడు లెక్కపెడతాను. ఒకటి..."

రెండు అనే అవకాశం రాలేదు. జోజమ్మ పళ్ళెంలోని కొత్త కారం గుప్పిట నిండా తీసి ఆ నీలం చీర మనిషి మొహాన కొట్టింది. పిస్టలు మామిడి ముక్కల్లో పడింది. అంకారావు తువ్వాలుతో ఆమె చేతులు స్తంభానికి కట్టేశాడు.

"కట్టుకో," అంది ప్రేమకుమారి. కళ్ళమ్మట నీళ్ళు ధారలు కడుతున్నా నవ్వుతూనే ఉంది. "టైము మాత్రం మాదే."

అప్పుడే లాజరు సైకిలు గేటుకి గుద్దుకుంది. "అమ్మగారూ! రెండోసారి కూడా పిలిచేశారండి! పొద్దుటినుంచి మన కేసు నంబరు చూడ్డానికే తిరుగుతున్నా. మొదట చివర్న ఉన్నది, ఇప్పుడు రెండోదైపోయింది. మూడో పిలుపుకి మనం లేకపోతే కొట్టేస్తారంట!"

"ఇంకా పదింపావే కదరా!" అంది జ్ఞానమణి.

"పదకొండయిందండి!"

అందరూ హాల్లో గడియారం వైపు చూశారు. ప్రేమకుమారి ఒంటరిగా కూర్చున్న ఆ కాసేపట్లో ముల్లు వెనక్కి జరిగింది. మారువేషం కోసం అంకారావు వాచీ హైదరాబాద్‌లోనే వదిలేసి వచ్చాడు. లాజరుని అనుమానించినందుకు సిగ్గుపడే తీరిక కూడా లేదు.

"లాజరూ, ఈవిణ్ణి కదలనివ్వకు!"

తిరువూరు మెయిన్ రోడ్డు మీద ఆ ఉదయం వింతే జరిగింది. నల్ల కోటు సగం తొడుక్కున్న ప్లీడరమ్మ ముందు, కత్తి దిమ్మ భుజానేసుకున్న లుంగీ మనిషి వెనక, మధ్యలో కారం చేతుల జోజమ్మ. సోడా బండి అతను "ఏమైందండీ?" అంటూ కొంతదూరం కూడా పరిగెత్తాడు.

కోర్టు వసారాలో బంట్రోతు గొంతు సవరించుకున్నాడు. కంపెనీ లాయరు అప్పటికే ఫైలు మూసేశాడు.

"జోజమ్మా... జోజమ్మా... జోజ..."

"ఉన్నానండీ! బతికే ఉన్నానండీ!"

కోర్టంతా వెనక్కి తిరిగింది. జ్ఞానమణి రొప్పుతూనే దిమ్మలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. మున్సిఫ్ గారు సీలు తిప్పి చూశారు. చెక్కుచెదరలేదు. "దీన్ని కోర్టే పరీక్షకి పంపుతుంది. రిపోర్టు వచ్చేవరకు ఫ్యాక్టరీ నడవకూడదు. స్టే. జూన్ ఆరుకి వాయిదా."

బయటికొచ్చాక జోజమ్మ మెట్ల మీద కూలబడింది. "గెలిచామా అమ్మగారూ?"

"జూన్ ఆరు దాకా."

"అంటే నా మనవరాలు అప్పటిదాకానే నీళ్ళు తాగాలన్నమాట. ఏడో తారీకున దాహం వెయ్యకూడదు." జోజమ్మ కళ్ళు తుడుచుకోబోయి చేతిని చూసుకుని ఆగిపోయింది.

జ్ఞానమణి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. "మళ్ళీ పిలుస్తారు జోజమ్మా. మళ్ళీ వద్దాం."

"ఈసారి కాస్త పెందరాళే వద్దామండి."

అంకారావు కత్తి పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడు. బంట్రోతు వింతగా చూస్తున్నాడు.

"మిషన్ పూర్తయిందా?" అన్నాడు చీఫ్.

"వేసవి సెలవులవరకు పూర్తయింది సార్."