కంపు కొట్టని చేపలు

"వోల్టా ఒడ్డున విషపు చేపలు తిని పదకొండు మంది పోయారు ఫ్రెమా. అది డ్యామ్ కట్టగా ఏర్పడ్డ సముద్రమంత రిజర్వాయర్, విషం పలచబడి అంతటితో సరిపోయింది. అది ట్రయల్ మాత్రమే. అసలు టార్గెట్ బొసోమ్‌ట్వే సరస్సు."

రాజధాని అక్రాలోని గూఢచారి ఆఫీసులో కర్నల్ లార్యియా బ్రీఫింగ్ అంతే. ఊళ్ళు ఖాళీ అయితే ఆ సరస్సు ఒడ్డున బంగారం తవ్వుకోవాలని ఒక పరదేశీ ముఠా చూస్తోంది. ఏజెంట్ ఫ్రెమా చేపల బేరగత్తె వేషంలో వెళ్ళాలి. అక్కడ సాయపడే మనిషి డాక్టర్ ఐవీ క్వార్షీ, సరస్సు నీటిని పరీక్షించే శాస్త్రవేత్త.

ఫ్రెమాకు చేపలంటేనే రోత. వారం రోజులు పొగచేపల గంప మోసేసరికి ఆ కంపు జుట్టుకి పట్టింది, తినే కెంకే అనే మొక్కజొన్న ముద్దకి పట్టింది. గంప అడుగున దాచిన ట్రాన్స్‌మిటర్‌ది కూడా నీచుకంపే. తెల్ల ప్యాంటులో సెంటు గుబాళిస్తూ తిరిగే ఐవీని చూస్తే ఒళ్ళు మండేది.

ఎనిమిదో రోజు పొద్దున్నే ఒడ్డంతా కేకలు. నీటిమీద వేల చేపలు తెల్లగా తేలాయి.

"సరస్సు స్వామి తుపాకిమందు పేలింది" అని జనం సంబరపడ్డారు. కొన్నేళ్ళకోసారి సరస్సు అడుగునుంచి కలకబారి చేపల్ని పైకి తోస్తుంది. అది దేవుడిచ్చిన విందు. జనం చెక్క పలకల మీద పడుకుని, చేతులతో తెడ్డేసుకుంటూ చేపలు ఏరుతున్నారు. ఇనుము తగిలితే ఆ నీరు మైలపడుతుంది, అందుకే మేకులు కొట్టిన పడవలుండవు. ఒడ్డున అప్పుడే మంటలు లేచాయి.

ఫ్రెమా గట్టిగా గాలి పీల్చింది. సరస్సు కలకబారితే అడుగు గాలి పైకొచ్చి కుళ్ళిన గుడ్ల కంపు ఊరు దాటి కొట్టాలి. ఇప్పుడేమీ లేదు. అంటే ఇది స్వామి పని కాదు.

"తినకండి, విషం కలిపారు" అని అరిచింది.

"బేరం పడిపోతుందని ఏడుస్తోందమ్మా" అని ఒక ముసలామె నవ్వింది. "నీ గంప ఎవరు కొంటార్లే ఈ పూట?"

అందరూ నవ్వారు. వేసుకున్న వేషమే ఆమె మాటను మింగేసింది.

పక్కనే ఐవీ గొంతు తగ్గించి అంది: "కంపు లేదని కనిపెట్టావే, మంచి ముక్కు. కానీ నిన్నెవరు నమ్ముతారు చెప్పు? నా మనుషులు రాత్రే పని ముగించారు."

ఇంతమందికి విషం పెట్టి సెంటు రాసుకొచ్చిన ఆ మొహం మీద ఉమ్మేయాలనిపించింది ఫ్రెమాకు. నడుమునుంచి పిస్టల్ లాగింది. ఐవీని కాల్చినా జనం చేపలు తినడం ఆపరు. ముసలామె కాలిన చేప తుంచి నోటిదాకా తెచ్చింది.

ఫ్రెమా అందరూ చూస్తుండగా పిస్టల్‌ని నీళ్ళలోకి విసిరింది.

సందడి ఆగిపోయింది. ముసలామె చేతిలోంచి ముక్క జారిపడింది. సరస్సు పూజారి నానా అపెంటెంగ్ లేచాడు.

"స్వామి నీళ్ళలో ఇనుమేసింది. చేపలన్నీ వదిలెయ్యండి. శుద్ధి అయ్యేదాకా ఎవరూ ముట్టకూడదు."

శాపనార్థాలు మొదలయ్యాయి. ఫ్రెమా తలొంచుకుని అన్నీ పడింది. వేగిరపడింది ఐవీయే.

"నానా, ఇదంతా మూఢనమ్మకం. నేను పరీక్ష చేశాను, చేపలు బంగారంలా ఉన్నాయి. తినమనండి."

పూజారి మంట పక్కనుంచి కాలిన చేప తీసి ఆమె ముందు చాపాడు. "డాక్టరమ్మా, నీకు మా మైల పట్టింపు లేదుగా. ఒక ముక్క తిను, చూస్తాం."

ఐవీ రెండడుగులు వెనక్కి వేసింది. ఆ రెండడుగులే అందరికీ అన్నీ చెప్పేశాయి. మరి కదిలే వీలు లేకుండా ఆడవాళ్ళు చుట్టుముట్టారు. ముసలామె వచ్చి ఫ్రెమా చెయ్యి పట్టుకుంది.

సాయంత్రం ట్రాన్స్‌మిటర్‌లో కర్నల్ అన్నీ విని, "మరి సర్కారు పిస్టల్?" అన్నాడు.

"సరస్సు అడుగున ఉంది సార్."

"తీయించు."

"దానికి ఇనుప కొక్కెం వేయాలి సార్. మళ్ళీ మైల. ఈసారి మీరే వచ్చి తిట్లు తినండి."