కోళ్ళ ఫారం అని రాసిన మూడేళ్ళు

కగోయా ఉడికిన చిలగడదుంపలు, టీ గ్లాసు భర్త బలికోవా ముందు పెట్టి, పక్కగది తలుపు అరచేత్తో ఆపి మెల్లగా మూసింది. చప్పుడైతే ఉలిక్కిపడే తొమ్మిదేళ్ళ కొడుకు పోయి ఏడాదైంది. ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరూ తలుపు గట్టిగా వేయరు.

బలికోవా దరఖాస్తు చదువుతున్నాడు. జింజా పట్టణంలో నీటి పైపుల నక్షాలు గీసే ఉద్యోగం. మధ్యాహ్నం పన్నెండుకి గడువు. అంతకుముందు రెండు చోట్ల "ఈ మూడేళ్ళు ఏం చేశారు?" అని అడిగితే, నోరు పెగలక లేచి వచ్చేశాడు. ఇప్పుడు దరఖాస్తులో ఆ మూడేళ్ళ గడి కగోయా చేతిరాతతో నిండి ఉంది: సొంత కోళ్ళ ఫారం.

"ఇదేంటి, జోయెల్ అమ్మా?" అన్నాడు. వాళ్ళ వైపు బిడ్డ పేరుతోనే పిలుపు. బిడ్డ పోయినా పిలుపు పోలేదు.

"వీధంతా అనుకునేదే రాశాను."

"వీధికి చెప్పింది నువ్వే."

"మరేం చెప్పమంటారు, జోయెల్ నాన్నా? మా ఆయన ఇంట్లో బిడ్డకి జావ కాస్తున్నాడనా? మీ అన్నలు పగలబడి నవ్వేవాళ్ళు. అడిగితే రెండొందల కోళ్ళనండి. తెగులొచ్చి పోయాయనండి."

"ఏం తెగులు?"

"కోళ్ళకొచ్చే తెగులే. అడిగేవాళ్ళేమన్నా కోళ్ళ డాక్టర్లా?"

అతనికి నవ్వు రాబోయి ఆగిపోయింది. "దాణా ఎన్ని బస్తాలంటే ఏం చెప్పను? నాకు తెలిసింది వాడు ఎన్ని చెంచాల జావ మింగేవాడో. పదకొండు. పన్నెండోది పెడితే పొలమారేది."

కగోయా తల తిప్పుకుంది.

"కోళ్ళని రాస్తే ఆ మూడేళ్ళూ వాడు లేనట్టే," అన్నాడు.

"ఖాళీగా వదిలితే మీకు ఉద్యోగం లేనట్టే. ఇక్కడే ఉండిపోతారు. ఇప్పటికీ పది కాగానే వాణ్ణి పక్కకి తిప్పాలని లేచి నిలబడుతున్నారు. నేను చూడట్లేదా?"

"నిలబడుతున్నాను. అయితే అబద్ధమాడాలా? జావ కాచినందుకు నాకు లేని సిగ్గు నీకెందుకు?"

"సిగ్గు మీ గురించి కాదు." ఆమె అతని వైపు తిరిగింది. "పంచదార మిల్లు ఉద్యోగం మానేస్తే వాడికి మిల్లు ఆసుపత్రి వైద్యం ఉండదని రోజూ పనికి వెళ్ళాను. నా ఉద్యోగం కాయితంలో ఒక్క రోజు ఖాళీ లేదు. వాడి దగ్గర లేనిది నేనే. మీరూ ఏదో పనిలో ఉన్నారని చెప్పుకుంటే, ఇద్దరం ఒకటే అవుతామనుకున్నాను."

బలికోవా కలం అందుకున్నాడు. "మందు నువ్వు తెచ్చావు. నేను వేశాను. అంతే తేడా."

స్కేలు పెట్టి కోళ్ళ ఫారం అన్న మాట కొట్టేశాడు. కింద రాసి, చదివి వినిపించాడు: "జబ్బుపడిన మా అబ్బాయిని చూసుకున్నాను. వాడు చనిపోయాడు. ఇప్పుడు పనికి రాగలను."

"వాడి గురించి అడిగితే చెప్పగలరా?"

"తెలీదు."

"ముందు నాకు చెప్పండి. నేను వెళ్ళాక పొద్దున ఏం చేసేవాడు?"

"నువ్వు మలుపు తిరిగేదాకా మంచం మీంచే కిటికీలోంచి చూసేవాడు. 'అమ్మ గొడుగు తీసుకెళ్ళింది, ఇవాళ వాన రాదు' అనేవాడు. నీ గొడుగు చూస్తే వాన భయపడుతుందని వాడి నమ్మకం. తర్వాత..."

వీధి చివర మిల్లు బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. కగోయా లేవలేదు.

"తర్వాత?" అంది.