పిడుగు దప్పిక

గడ్డం సగం గీసి ఉండగానే బుకీకి కాలం తీరింది. సైలెన్సర్ బిగించిన తుపాకీ గుండు సెలూన్ కిటికీలోంచి వచ్చి అతని ఛాతీలో దిగింది. సమాచారం కోసం పక్క కుర్చీలో తువ్వాలు కప్పుకుని కూర్చున్న నిఘా విభాగం ఏజెంట్ ఒక్క ఉదుటున లేచి అతన్ని పట్టుకున్నాడు.

"రేపు ఫైనల్లో పిడుగు కుప్పకూలిపోతాడు," అన్నాడు బుకీ, సబ్బు నురుగు మధ్యనుంచి. "విషం. విదేశీ ముఠా పందేలన్నీ దానిమీదే. మైదానంలో ఎవరో 'ఇవాళ గొడుగు తెచ్చుకోవాల్సింది' అంటారు. ముఠాకి అదే సిగ్నల్. అన్నవాళ్ళే ఆ పని చేస్తారు."

ఆ మనిషెవరో చెప్పకుండానే కళ్ళు తేలేశాడు.

పిడుగంటే తెలియనివాళ్ళు దేశంలో లేరు. ఫుట్‌బాల్ లీగులో అందరికన్నా ఎక్కువ ధర పలికిన కుర్రాడు. బస్సుల మీద, బిస్కెట్ పొట్లాల మీద, ఆఖరికి సిమెంటు బస్తాల మీదా వాడి మొహమే. "పిడుగు పడే రోజు" అంటూ మ్యాచ్ ప్రసారం చేసే టీవీ ఛానల్ నెలల తరబడి ఊదరగొడుతోంది. ఏజెంట్‌కి మాత్రం వాడు తోడబుట్టిన తమ్ముడు. మందు మింగనని మారాం చేస్తే వీధంతా తరిమి పట్టుకుని మింగించిన తమ్ముడు.

"మ్యాచ్ ఆపించండి సార్," అన్నాడు ఏజెంట్, ఆఫీసుకి చేరగానే.

చీఫ్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "పైవాళ్ళని అడిగాను. చచ్చిన బుకీ మాట పట్టుకుని అంత డబ్బు మీద చెయ్యి వెయ్యడానికి ఒక్కడికీ ధైర్యం లేదు."

"పోనీ వాడితో ఒక్క మాట మాట్లాడనివ్వండి."

"ఆటగాళ్ళ ఫోన్లు లీగ్ వాళ్ళు తీసేసుకున్నారు. పైగా ముఠా మనిషి జట్టులోనే ఉంటే? హెచ్చరించావని తెలిస్తే ఇంకో దారిలో చంపుతారు. ఛానల్ యాంకర్ మన మనిషే. నిన్ను మైదానంలోకి ఆమె చేరుస్తుంది."

యాంకర్ నవ్వితే కెమెరాలు కూడా తడబడతాయని ప్రతీతి. మర్నాడు స్టేడియం స్టోర్‌రూమ్‌లో ఆమె స్వయంగా ఏజెంట్‌కి సింహం వేషం తొడిగి జిప్ లాగింది.

"మీరు జట్టు మస్కట్, జనాన్ని నవ్వించే బొమ్మ. మైదానం అంచు గీత దాకా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. తల తియ్యకూడదు, నోరు విప్పకూడదు. కాంట్రాక్టు అలాంటిది."

"ఊపిరి?"

"అది మీ ఇష్టం."

సింహం చెవిలో గాడ్జెట్ల విభాగం ఒక రిసీవర్ అమర్చింది. ఛానల్ డైరెక్టర్ ఇచ్చే ఆర్డర్లు, లైవ్ మాటలు అన్నీ అందులో వినిపిస్తాయి. మెడ దగ్గర చీఫ్‌కి మైక్. అంత టెక్నాలజీ ఉన్నా లోపల గాలాడే ఏర్పాటు ఎవరికీ తట్టలేదు.

ఎండ మాడ్చేస్తోంది. ఫస్ట్ హాఫ్ అంతా ఏజెంట్ పిల్లిమొగ్గలు వేస్తూ ఫిజియో సంచీని, ఐసు బకెట్లని, సీసాల పెట్టెల్ని చూస్తూ గడిపాడు. విషం ఎటునుంచి వస్తుందో అంతు చిక్కలేదు. తమ్ముడు కుంటుతున్నాడు. కాలు నొప్పని, నీరసమని పేపర్లు వారంగా రాస్తూనే ఉన్నాయి. వాడు పడిపోతే పాపం అలసటే అంటారు, అనుమానపడేవాడే ఉండడు. ఇంత నిస్సహాయంగా ఏజెంట్ ఎన్నడూ లేడు. జనం మాత్రం సింహం తడబాటు చూసి పడీపడీ నవ్వారు.

సెకండ్ హాఫ్‌లో నీళ్ళు తాగడానికి కూలింగ్ బ్రేక్ ఇచ్చారు. తమ్ముడు ఐసు బకెట్లో చెయ్యి పెట్టబోతే మేనేజర్ పట్టుకున్నాడు.

"ఆగు. మొదటి గుక్క కూల్‌డ్రింక్ కంపెనీది. లైవ్‌లో తాగాలి. ప్రకటనలు అవ్వనీ."

"గొంతు పిడచకట్టుకుపోతోంది సార్."

"తెలుసు. వాళ్ళకి కావలసింది అదే."

యాంకర్ బంగారు రంగు సీసా పట్టుకుని వచ్చింది. కెమెరా మీద ఎర్రదీపం వెలిగింది. ఆమె తల పైకెత్తి తియ్యగా నవ్వింది.

"ఇవాళ గొడుగు తెచ్చుకోవాల్సింది."

ఆకాశంలో మబ్బు తునక లేదు.

డిపార్ట్‌మెంట్ జీతం, ఛానల్ జీతం, ముఠా జీతం మూడూ ఒక్క చేత్తో పుచ్చుకుంటున్న మనిషి అప్పటికే సీసా మూత తీస్తోంది. ఏజెంట్ ఉన్నది మైదానం అవతలి మూల. కాళ్ళలో సత్తువ ఉన్నంతా కూడదీసుకుని పరిగెత్తాడు.

"తాగొద్దురా," అని గొంతు చించుకుని అరిచాడు. ఆ కేక సింహం తలలోని స్పాంజిలోనే ఇంకిపోయింది. జనం లేచి అతని పరుగుకి తాళం వేస్తూ చప్పట్లు కొట్టారు. తోక కాళ్ళకి అడ్డం పడి బోర్లా పడ్డాడు, మళ్ళీ లేచాడు. తమ్ముడు సీసా అందుకుని పెదాల దాకా తెచ్చాడు. ఇక అందుకోలేనని ఏజెంట్‌కి అర్థమైపోయింది.

సరిగ్గా అప్పుడు రిసీవర్‌లో డైరెక్టర్ కేక వినిపించింది.

"లేబుల్! లేబుల్ కనబడట్లేదు, తిప్పు!"

యాంకర్ చేస్తున్నది హత్య. కానీ పదేళ్ళుగా లైవ్‌లో నలిగిన మనిషి. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో ఆ గొంతు వినగానే చెయ్యి దానంతటదే పనిచేసింది. తమ్ముడి పెదాల దగ్గరనుంచి సీసా లాక్కుని, కంపెనీ పేరు కెమెరా వైపు తిప్పి, పైనున్న తడి కూడా తుడిచి, "ఇప్పుడు తాగండి," అంది.

ఆ సందులో సింహం వచ్చి పడింది.

తమ్ముడు, సింహం, సీసా కలిసి దొర్లారు. విషమంతా గడ్డిలో ఇంకింది. ఏజెంట్ చెయ్యి ఒళ్ళ కింద పడి విరిగింది. పిచ్చికోపంతో తమ్ముడు సింహం మొహం మీద రెండు గుద్దులు గుద్దాడు. అవి తిన్నప్పుడు ఏజెంట్‌కి ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. గుద్దగలుగుతున్నాడంటే బతికి ఉన్నాడు.

"చీఫ్, యాంకరే," అన్నాడు మైకులో.

ఛానల్ వెంటనే ప్రకటనల్లోకి వెళ్ళింది. అవి పూర్తయ్యేలోగా ఆమెకు సంకెళ్ళు పడ్డాయి. ఆమె ఫోన్ పట్టుకుని లాగితే ముఠా అంతా కదిలింది. ఇంత జరిగినా అరెస్టు మాత్రం లైవ్‌లో అరక్షణం కూడా రాలేదు.

సాయంత్రం ఆసుపత్రిలో ఏజెంట్‌కి ఫోన్ వచ్చింది.

"గెలిచాం అన్నయ్యా. టీవీలో చూశావా?"

"చూశాన్రా. దెబ్బలేం తగల్లేదుగా?"

"నాకేం కాలేదు. ఆ సింహంగాణ్ణి లీగ్ నుంచి వెలేశారు. అమ్మే ఇంకా చల్లారలేదు. నా కొడుకుని పడేసినవాడి చెయ్యి విరగ అని ఒకటే తిట్లు."

ఏజెంట్ కట్టు కట్టిన చేతి వైపు చూసుకున్నాడు.

"చేతితో ఆపమను రా. కాళ్ళ జోలికి వెళ్ళొద్దని చెప్పు."