మందు నూరే అమ్మ వీపు

మా అమ్మ కామెర్లకు పసరు మందు ఇచ్చేది. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆమె దగ్గరికే వచ్చేవి. పేరు ఆమెది, గొడ్డుచాకిరీ నాది. గట్ల వెంట తిరిగి ఆకు కోసేది నేను, కడిగేది నేను, నీడన ఆరబెట్టేది నేను. అంతా అయ్యాక, ఆఖరి ఆకు వేసే వేళకు అమ్మ నావైపు వీపు పెట్టేసి, "బయటికెళ్లి నిలబడు" అనేది. ఎందుకమ్మా అంటే, "నీ నోట్లో నువ్వుగింజ నానదే" అని నవ్వేది. నాకు తల నెరిసినా నన్ను నమ్మలేదు. ఆ ఆకేదో చెప్పకుండానే పోయింది.

ఆమె పోయిన ఏడాదికే చెల్లికి కామెర్లు. వాన పట్టుకుని వదలడం లేదు. వాగు పొంగి ఆసుపత్రి దారి తెగిపోయింది. దాని కళ్లు పండుటాకుల్లా అయ్యాయి. సాయంత్రానికి నన్ను గుర్తుపట్టడం కూడా మానేసింది.

దీపం పట్టుకుని అమ్మ మందు నూరే కొట్టుగదిలోకి వెళ్లాను. తడిసిన వేర్ల వాసన, బూజు వాసన. నాకు తెలిసిన ఆకులన్నీ కల్వంలో వేశాను. ఆఖరిది పడకపోతే మిగతాదంతా విషమేనని అమ్మే చెప్పింది. విషమని చెప్పడానికి నోరొచ్చింది, ఆకు చూపించడానికి చెయ్యి రాలేదు మహాతల్లికి! కడుపు మండి చేతికందిన చెంబు గోడకేసి కొట్టాను. మూలనున్న కట్టలన్నీ లాగి, ఒక్కొక్కటీ వాసన చూస్తూ వెతికాను.

వెనక చప్పుడు. రాతి మీద రాయి… నెమ్మదిగా… ఆగి ఆగి…

తిరిగి చూశాను. కల్వం ముందు కూర్చుని అమ్మ నూరుతోంది. వీపు నావైపే.

భయపడాల్సింది. ఒళ్లు మండింది.

"చచ్చాక కూడా వీపేనా?"

"బయటికెళ్లి నిలబడు." గుసగుస.

"వెళ్లను. అవతల నీ చిన్నకూతురు పోయేలా ఉంది. ఈసారి చూసే కదులుతా."

చుట్టూ తిరిగి ఆమెకు ఎదురుగా వెళ్లాను. దీపం పైకెత్తాను.

వీపు.

అదే కొప్పు. రవిక భుజం దగ్గర నేను వేసిన అదే అతుకు. మళ్లీ ఇవతలికి వచ్చాను… వీపు. నూరే చేతులు ఎప్పుడూ అవతలి వైపే. భుజం పట్టుకుని గుంజాను. బావిలో రాయిలా చల్లగా ఉంది. తిరిగింది… వీపు. ఎటు తిప్పినా… మొహం లేదు.

ఏడుపొచ్చింది, ఏడుస్తూనే తిట్టాను.

"చూపించవే! ఇంకా ఎవరి కోసం దాస్తావు?"

"వద్దే తల్లీ… నీ మంచికే…"

"నా మంచి నీకెందుకు? దాన్ని బతికించు!"

నూరడం ఆగింది. భుజం మీదుగా ఒక చెయ్యి నావైపు వచ్చింది. మెల్లగా… పిడికిలి విప్పింది.

చూశాను. అదేమిటో మీకు చెప్పలేను. చెప్పబోతే నాలుక కదలడం లేదు.

అది వేసి నూరి, పసరు పిండి చెల్లి గొంతులో పోశాను. తెల్లారేసరికి దాని జ్వరం దిగింది. కళ్లు విప్పింది. తేటగా, తెల్లగా ఉన్నాయి. నా ప్రాణం లేచొచ్చింది. మంచం అంచున కూర్చుని, దాని మొహంలోకి మొహం పెట్టి చూశాను.

చెల్లి వెనక్కి జరిగి గోడకు అతుక్కుంది.

"అక్కా," అంది సన్నగా, "అటు తిరిగి కూర్చున్నావేంటి? ఇటు చూడు."