ఆరు ముఖాల ఫోల్డర్

డిపార్ట్‌మెంట్ కార్డుల డిజైనర్ మెడకు బిగించిన వైరు, అతను బొమ్మలు గీసుకునే సొంత పెన్ టాబ్లెట్‌దే. శవం బల్లమీద ఉంది. కంప్యూటర్‌లోంచి ఒక ఫోల్డర్ పోయింది.

"అందులో ఏముంది సార్?" అన్నాడు కొలబద్ద. ఆ ఏజెంటుకు ఆ పేరు ఊరికే రాలేదు. కొలిచి చూడనిదే దేన్నీ నమ్మడు.

"పరదేశంలో మారుపేర్లతో ఉన్న మన ఆరుగురి గుర్తింపు కార్డులు. ముఖాలు, చిరునామాలు," అన్నాడు చీఫ్. "ఆరోవాడు మీ తమ్ముడు."

కొలబద్ద వాచీ చూసుకున్నాడు. "ఇప్పుడెక్కడుంది?"

"ఒక డిజైన్ స్టూడియోలో. దాన్ని ఎత్తుకెళ్ళిన ముఠాకు దొంగ పాస్‌పోర్టులు తయారయ్యేదీ అక్కడే. పదకొండింటికి అక్కడి డిజైనరమ్మ దాన్ని పీడీఎఫ్ చేసి వాళ్ళ షూటర్లకు పంపుతుంది. అందగత్తె. మనకూ వాళ్ళకూ కూడా వార్తలు మోస్తుంది. పోయినాయన శిష్యురాలే."

"ఆపేస్తే?"

"రెండో కాపీ ఇంకెక్కడో ఉంది. ఇది రాకపోతే అది వెళ్తుంది. అందుకని ఇదే వెళ్ళాలి, తప్పుగా వెళ్ళాలి. ఒక్కరోజు చిక్కితే మనవాళ్ళని సరిహద్దు దాటిస్తా. అదృష్టం బాగుంటే..."

"దాన్ని ప్లాన్‌లో రాయకండి సార్."

పది నలభైకి కొలబద్ద నీలం చొక్కాతో, మానిటర్ టెక్నీషియన్ వేషంలో స్టూడియో తలుపు తట్టాడు. అసలు టెక్నీషియన్ అప్పటికే డిపార్ట్‌మెంట్ అదుపులో ఉన్నాడు. సంకేతవాక్యం అతనే కక్కాడు.

"ఏ రంగు పోయింది?" అంది డిజైనరమ్మ, తలుపు సందులోంచి.

"ఎరుపు తప్ప అన్నీ."

తలుపు తెరుచుకుంది.

అతను రంగులు కొలిచే సెన్సర్‌ని తెరకు తగిలించి, దాని వైరును కంప్యూటర్‌కు గుచ్చాడు. తెర నిండా ఎరుపు, ఆకుపచ్చ, నీలం మారుతూ వెలిగాయి. ఆ రంగుల చాటున సెన్సర్‌లో దాచిన ప్రోగ్రామ్ తన పని మొదలుపెట్టింది. పేజీలు అమర్చే లేఅవుట్ సాఫ్ట్‌వేర్ ఫోటోను పేజీలో దాచుకోదు. ఫోటో పేరునూ, అది ఉన్న చోటునూ మాత్రమే గుర్తుంచుకుంటుంది. అదే చోట, అదే పేరుతో మరో ఫోటో పెడితే పేజీలో ఆ ముఖమే వస్తుంది. ప్రోగ్రామ్ పాస్‌పోర్టుల ఫోల్డర్‌లోంచి, అదే దేశంలో తిరుగుతున్న ముఠా కొరియర్ల ముఖాలు తీసి కార్డుల్లో పెడుతోంది; చిరునామాలూ వాళ్ళవే పెడుతోంది. చంపే షూటర్లకు మోసే కొరియర్ల ముఖాలు తెలియకూడదన్నది ముఠా జాగ్రత్త.

నాలుగు మారాయి. అయిదు.

"ఇంకెంతసేపయ్యా? నాకు పనుంది." ఆమె చెయ్యి సెన్సర్‌మీద పడింది.

"ఒక్క నిమిషం మేడమ్. ఇప్పుడు తీసేస్తే చర్మం రంగు పచ్చబడిపోద్ది. తర్వాత నన్నంటారు."

ఆ చెయ్యి ఆగింది. హత్యల జాబితాకు రంగుల శుద్ధి దేనికని ఎవరైనా అడగవచ్చు. కానీ ఆమెకు పని నేర్పినవాడు మంచి మాస్టారు.

ఆరో ఫోటో మారింది. పది యాభై ఏడు.

ఆమె పేజీ తెరిచింది. మరుక్షణం సొరుగులోంచి పిస్తోలు బయటికొచ్చింది.

"వీళ్ళు మావాళ్ళు. ఈ మూడోవాడే నాకా ఫైల్ తెచ్చిచ్చి నిన్న అక్కడికి తిరిగి వెళ్ళాడు. ఎవడ్రా నువ్వు?"

"మీ మాస్టారి తరఫు మనిషిని."

"ఆయన దాన్ని అమ్ముకుని ఊరొదిలి పోయాడు."

"ఎవరు చెప్పారు?"

"వీడే."

"అమ్మడం మీరు చూశారా?"

"నీ దగ్గర రుజువుందా?"

అతను ఫోన్‌లో ఒక ఫోటో తెరిచి బల్లమీద పెట్టాడు. పది యాభై తొమ్మిది. ఆమె వృత్తి అలవాటుగా రెండు వేళ్ళతో ఫోటోను పెద్దది చేసింది. బల్లమీద వాలిన తల. మెడ. వైరు. వైరుకు చుట్టిన ఎర్ర టేపు.

"అది తెగితే నేనే చుట్టిచ్చా," అంది, ఎవరికీ కాదన్నట్టు.

ఇరవై సెకన్లున్నాయి. తమ్ముడి బతుకు ఆ వేలికొసన ఉంది. కొలబద్ద చూపవలసింది చూపించాడు.

ఆమె పిస్తోలు పక్కన పెట్టి 'సెండ్' నొక్కింది. తర్వాత మూడో ముఖాన్ని చాలాసేపు చూసింది.

"రంగు బాగా వచ్చింది," అంది.

మర్నాడు చీఫ్ ఫైలు మూశాడు. "మీ తమ్ముడు సరిహద్దు దాటాడు. మిగతా అయిదుగురూ దాటారు. అక్కడ ఆరు శవాలు లేచాయి." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంతకీ, ఆ పిల్ల ఇక మనవైపేనంటావా?"

"నిన్న పదకొండింటికి మనవైపే ఉంది సార్," అన్నాడు కొలబద్ద. "పన్నెండింటి సంగతికి నా దగ్గర ఆధారం లేదు."