గోదావరి రెప్పలు

"యమునక్కా, ఉరికిరా! నీ కోడలు కండ్లు తెరిచే పండుకుంది!"

పక్కింటి పోచమ్మ కేక కుంఠా నాకా గల్లీ చివరిదాకా వినిపించింది. అరుగు మీద బీడీలు చుడుతూ చుడుతూ కునుకు తీసిన గోదావరి ఉలిక్కిపడి లేచింది. ఏం చేస్తుంది పాపం! ఎనిమిది నెలలుగా ఆమె కళ్ల పైరెప్పలు కిందికి దిగడం లేదు.

కంటి డాక్టరమ్మ స్కేలు పెట్టి కొలిచి, రక్తం రిపోర్టు చూసి చెప్పనే చెప్పింది: "ఇది థైరాయిడ్ పని. ముందు గోళీలతో అది కుదురుకోవాలె. ఆర్నెల్లు నిలకడగా ఉంటే రెప్పకు ఆపరేషన్ చేద్దాం. అందాక చుక్కలు వేసుకో, పండుకునేటప్పుడు మలాం రాసి టేపు అంటించుకో. కన్ను ఎండిందా, పుండు పడి చూపే పోతది."

చుక్కల సీసా ఆ పొద్దున్నే అయిపోయింది. తేవడానికి మొగుడు నర్సప్ప అశోక్ చౌక్‌కు పోయాడు.

అత్త యమునాబాయికి ఇవేవీ చెవికెక్కవు; కోడలికి దయ్యం గాలి సోకిందనే ఆమె నమ్మకం. "మగ్గం ముందర ఏ గాలీ నిలవదు" అంటూ కోడల్ని రెక్క పట్టి వెనక మగ్గాల గదిలోకి తోసి, బయట గొళ్లెం పెట్టేసింది.

"అత్తా, టేపన్నా ఇయ్యి!"

"టేపు లేదు గీపు లేదు. కన్ను మూసి పండుకో, తీస్త."

ఎలా మూస్తుంది, మీరే చెప్పండి?

కరెంటు పోయి ఉంది. లోపల పట్టపగలే చీకటి. గంజి వాసన, నూనె వాసన. దూది నుసి మెల్లగా రాలి నేరుగా కళ్లలో పడుతోంది. ఇసక పోసినట్టు మంట. రెండు చేతులా తలుపు బాదింది.

టక్...

కరెంటు లేని మగ్గం ఒక్క దెబ్బ కొట్టింది.

"ఎవరూ?"

ఇంకో దెబ్బ... పోగుల వెనక ఏదో లేచి నిలబడింది. చూడొద్దనుకుంది. కానీ ఆ కళ్లకు చూడకుండా ఉండే దారేదీ?

అది దగ్గరికొచ్చింది.

"మూస్తనా?" గుసగుస.

చల్లని వేళ్లు. రెప్పల మీద. కిందికి... నెమ్మదిగా... తెగిన పోగు సర్దినంత ఓపికగా.

రెప్పలు మూతపడ్డాయి.

తలుపు సందులోంచి చూసిన యమునాబాయి "అగో, మూసింది! పీడ పోయింది!" అని మురిసిపోతూ గొళ్లెం తీసింది. అప్పుడే వచ్చిన నర్సప్ప తల్లి మీద మండిపడ్డాడు.

"తిన్నంక తిట్టురా, రొట్టె చల్లారుతది" అందామె. పోచమ్మనూ కూర్చోబెట్టి, అందరికీ జొన్నరొట్టె, పల్లీలు దంచిన షేంగా చట్నీ వడ్డించింది.

"గోదీ, కన్ను తెరువు. చుక్కలేస్త" అన్నాడు నర్సప్ప.

తెరుచుకోలేదు. వేళ్లతో ఎత్తినా రాలేదు. కుట్టేసినట్టు...

గోదావరి చీకట్లోనే రొట్టె తుంచింది. ఎదురుగా అత్త, పోచమ్మ నములుతున్నారు. కుడి పక్క మొగుడు.

ఎడమ పక్కనా ఎవరో మెల్లగా నములుతున్నారు.

ఆమె ఎడమ భుజం గోడకు ఆని ఉంది...