తిరిగొచ్చే పైపు

గురువారం పొద్దున ఆరు గంటలకు చిలుకూరులో మత్తయ్య ఇంటి వాకిట్లో కారు స్టార్టయింది. ఇంజన్ చక్కగానే అందుకుంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో సైలెన్సర్ నుంచి నీలం పొగ మొదలై పక్కింటి సాయమ్మ ఆరేసుకున్న చీరల దాకా పాకింది. మత్తయ్య కొడుకు రాకేష్ ఇంజన్ ఆపేసి స్టీరింగ్ మీద తల ఆనించాడు.

ఇంటి ముందు మెట్టు మీద అతని తల్లి బుచ్చమ్మ మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. రెండు కిడ్నీలూ పని మానేసి ఏడాదిన్నర అయింది. మంగళ, గురు, శనివారాలు సూర్యాపేటలో డయాలసిస్. మొన్న మంగళవారం కారు జాకీల మీద ఉందని బస్సులో బయలుదేరితే కోదాడ బస్టాండులో కళ్లు తిరిగి పడిపోయింది. ఇంటికి తీసుకొచ్చేసరికి షిఫ్టు దాటిపోయింది. నిన్న మిషన్లు ఖాళీ లేవన్నారు. శనివారం నుంచి ఒంట్లో నీరు నిలిచిపోయి కాళ్లు ఉబ్బాయి. వెనక్కి ఆనుకుంటే ఊపిరి ఆడటం లేదు. ఈరోజు ఎనిమిదిన్నరకల్లా చేరకపోతే ఆమె బెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఇంత అవసరమైన బండిని, ఇంజన్‌కు జోరు పెంచే టర్బో బిగించడానికి ఎవడైనా విప్పుకుంటాడా అని మీకు అనిపిస్తుంది. మత్తయ్యకూ అదే అనిపించింది. అనిపించింది మనసులో దాచుకునే మనిషి కాదాయన.

"మంచిగ నడిసే బండిని విప్పి టర్బో పెడ్తవా? మీ అమ్మ పానం కంటె నీకు స్పీడు ఎక్కువైందారా?"

"ఐతారం మొదలువెడ్తె సోమారానికి అయిపోతదనుకున్న, నాయినా. వెల్డింగు కాడ ఆలస్యమైంది."

"అనుకున్నవ్. ముప్పయ్యేండ్లు వాడపల్లి సిమెంటు లారీ నడిపిన. ఒక్కనాడన్న లోడు రోడ్డు మీద ఇడిసిపెట్టిన్నా? షుగరు నా కండ్లు తినకపోతే నేనే తీస్కపోతుంటి మీ అమ్మను. నీ మొకం సూసెటోన్ని కాదు."

ఈ మాట పూర్తిగా నిజం కాదు. మత్తయ్యకు చూపు తగ్గింది నిజమే, కానీ సూర్యాపేట దాకా వచ్చినప్పుడు కూడా ఆయన ఏనాడూ వార్డు గుమ్మం దాటలేదు. భార్య రక్తం పైపుల్లో తిరగడం చూడలేనని బయట బెంచీ మీదే కూర్చుండిపోయేవాడు. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరూ ఎత్తరు.

"భీమ్లాను పిలుస్త. ఆటోల పోదాం," అన్నాడు మత్తయ్య ఫోను తీస్తూ.

"నేను ఆటో ఎక్క," అంది బుచ్చమ్మ.

"ఏందీ?"

"ఈ కారులనే పోత. లేకుంటే ఈన్నే ఉంట."

మత్తయ్యకు కోపం నషాళానికి అంటింది. "నీకేమన్న పిచ్చి లేసిందా? ఇయ్యాల కూడ పోకపోతే ఏమైతదో ఎరుకేనా?"

"ఎరుకే. నాకు కాకుంటె ఎవరికెరుక?" మాటకూ మాటకూ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది. "నేను ఆటో ఎక్కిన్ననుకో, వీడు దాన్ని పీకి పారేస్తడు. మళ్ల దాని మొకం సూడడు. నాకోసం హైదరాబాద్ల కార్ల షాపుల మంచి పని ఇడిసిపెట్టి వచ్చిండు. ఆ షాపాయన ఏమన్నడో ఎన్నడన్న అడిగినవా? ఒక్క బండికి టర్బో పెట్టి సూపియ్, ఇగ బండ్లన్ని కోదాడకే పంపుత, అమ్మ కాడ ఉండి చేస్కో అన్నడు. ఐతారం సూడనీకొస్తున్నడు."

మత్తయ్య కొడుకు వైపు చూశాడు. "నాకెందుకు చెప్పలే?"

"చెప్పనిచ్చినవా?" అన్నది కూడా బుచ్చమ్మే. "మిర్యాలగూడల పాత సామాన్లు అమ్మే హరిలాల్ కాడికెల్లి రెండు టర్బోలు తెచ్చి నా ముందట పెట్టిండు. పెద్దది లేటుగ లేస్తదంట, లేసినంక ఒక్కసారె గుంజుతదంట. ఈ బండికి గుంజేటియి ముందటి చక్రాలే, మలిగేటియి కూడ అవ్వే. స్టీరింగు చేతులకెల్లి గుంజుకుంటదంట. చిన్నదైతె తొందరగ, మెల్లగ అందుకుంటదంట. దోస్తులంత పెద్దదే పెట్టుమన్నరు. వీడేమో అమ్మకు కడుపుల తిప్పుతదని చిన్నది పెట్టిండు. ఏం స్పీడు ముచ్చట చెప్తున్నవయ్యా నువ్వు."

మత్తయ్య ఫోను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

రాకేష్ కారు దిగి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. ఉబ్బిన ఆ పాదాలను చూస్తే ఏడుపు ఆగలేదు. "ఆటో ఎక్కమ్మా. టర్బో లోపల ఆయిల్ ఆపే సీలు పోయింది. ఇగ కాదు అది. నేను ఏది ముట్టుకున్న గింతే. ఐతారం లేదు, ఏం లేదు. నువ్వుంటె చాలు నాకు."

బుచ్చమ్మ వాడి జుట్టులో వేళ్లు పెట్టింది. వంగి కూర్చున్న ఆమెకు ఎదురుగా కనిపించేది కారు కింది భాగమే. పొద్దుటి నుంచీ అదే చూస్తోంది.

"ఆ నల్ల పైపేందిరా? చక్రాల ఇరుసు మీదికెల్లి మడత పడ్డది."

"మడత ఏడ పడ్డది? అది ఆయిల్ తిరిగొచ్చే పైపు. ఇంజన్ కాడికెల్లి సన్న పైపుల జోరుగ టర్బోకు పోతది. పని అయినంక ఈ లావు పైపుల జారి కింద చాంబర్లకొస్తది."

"జారి వస్తదా, ఎవరన్న తోస్తరా?"

"తోసేటోడు లేడు. దాని బరువుకు అదే దిగాలె."

"మడత పడితె ఎట్ల దిగుతది మరి? నా మిషను కాడ కూడ గంతే. పోయే పైపు మంచిగనే ఉంటది. తిరిగొచ్చే పైపు జర మడత పడ్డా మిషను మొత్తుకుంటది. వసంత సిస్టర్ ఉరికొచ్చి సక్కగ చేస్తది."

రాకేష్ లేచి, బట్టలు చూసుకోకుండా మట్టిలో వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరాడు. ఆ పైపును పదిసార్లు సరిచూసుకున్నాడు వాడు. అయితే చూసిన పదిసార్లూ బండి జాకీల మీదే ఉంది. చక్రాలు గాల్లో ఉన్నప్పుడు ఇరుసు కిందికి వేలాడుతుంది, పైపు వాలుగా ఉంటుంది. చక్రాలు నేలకు ఆనగానే ఇరుసు పైకి లేచి పైపును మధ్యలో ఎత్తిపట్టింది. దిగడానికి దారిలేని ఆయిల్ టర్బోలోనే నిండి, సీలు దాటి సైలెన్సర్‌లోకి పోయి కాలుతోంది. టర్బో పాడు కాలేదు.

"నాయినా, దొరలెక్క సల్లగ కూసోకు, జర ఆ కత్తి అందియ్," అన్నాడు కింద నుంచి. ఇంకో రోజైతే ఆ మాటకు వీపు పగిలేది. మత్తయ్య కత్తి తెచ్చాడు, ఫోనులో లైటు వేశాడు, కొడుకు పక్కనే మట్టిలో పడుకున్నాడు.

"నాకు సక్కగ కానరాదు. ఏడ పట్టుకోవాలెనో నువ్వే చెప్పు."

రాకేష్ తండ్రి చేతిని పట్టుకుని పైపు మీద పెట్టాడు. ఇద్దరూ కలిసి పైపు ఊడదీశారు, పొట్టిగా కోశారు, ఇరుసు వెనకనుంచి నిటారుగా దించి బిగించారు. ఏడు దాటింది. తాళం తిప్పితే మళ్లీ పొగ వచ్చింది.

రాకేష్ చేయి ఇంజన్ ఆపడానికి పోయింది. మత్తయ్య కిటికీలోంచి ఆ చేయి పట్టుకున్నాడు. "ఆగు. సైలెన్సర్ల పడ్డ ఆయిల్ కాలాలె గద. లారీకి ఎన్నిసార్లు సూడలే."

బుచ్చమ్మ పెదవులు కదులుతున్నాయి. ప్రభువును పిలుస్తోందో, ఊపిరిని పిలుస్తోందో తెలియలేదు. మూడు నిమిషాలకు పొగ పలచబడింది. ఆరో నిమిషానికి సాయమ్మ చీరలు మళ్లీ కనిపించాయి.

ముగ్గురూ కారెక్కి సూర్యాపేట దారి పట్టారు. మునగాల దాటాక బుచ్చమ్మ, "లేసిందారా నీ టర్బో?" అని అడిగింది.

"ఎప్పుడో లేసిందమ్మా."

"నాకు ఎరుకనే కాలే," అంది. వాడు చేసిన పనికి అంతకంటే మెచ్చుకోలు ఉండదు. రాకేష్ ఎడమచేత్తో కళ్లు తుడుచుకుని రోడ్డు చూశాడు.

ఎనిమిదీ ఇరవైకి ఆమె బెడ్డు మీద ఉంది. రాకేష్ ఆసుపత్రి చీటీ, మందుల పనులు ముగించుకుని రెండు గంటల తర్వాత వచ్చేసరికి బయట బెంచీ ఖాళీగా ఉంది. వార్డులోకి పరుగెత్తాడు.

మత్తయ్య భార్య పక్కన స్టూలు మీద ఉన్నాడు. ముఖమంతా చెమట. వేళ్లు మంచం పట్టెను గట్టిగా పట్టుకున్నాయి. అయినా తగ్గిన చూపుతోనే, బాగా దగ్గరికి వంగి ఆ ఎర్రటి పైపులనే చూస్తున్నాడు. మిషను ఉన్నట్టుండి మోగసాగింది. అవతలి బెడ్డు దగ్గరున్న నర్సు వసంత తల తిప్పేలోపే ఆయన లేచి నిలబడ్డాడు.

"సిస్టర్, తిరిగొచ్చే పైపు. మోచేయి కింద మడత పడ్డది."

వసంత వచ్చి సరిచేసింది. మోత ఆగింది. "ఇంక కూర్చోండి పెద్దయ్యా, మేం చూసుకుంటాం," అంది.

ఆయన కూర్చున్నాడు. కొడుకు వచ్చి వెనకాల నిలబడ్డ సంగతి కూడా తెలియదు.

"ఏడాదిన్నర సంది దీన్ని నువ్వొక్కదానివే సూసుకుంట పండుకున్నవా, బుచ్చమ్మా?" అని అడిగాడు.

బుచ్చమ్మ ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి వెనక్కి ఆనుకుని నిద్రపోతోంది. మత్తయ్య స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుని పైపునే చూస్తూ కూర్చున్నాడు.